కువైట్ నుంచి తొమ్మిదేళ్లప్పుడు వచ్చిన నాన్నను ఎట్టా అడగాలి?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తాతగారు పోయాక ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే పాత కువైట్ దినారు నోట్ల కట్ట, ఇంగ్లీషులో నింపిన ఒక ఫారం జిరాక్సు, జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి బొంబాయికి నాలుగు బోర్డింగ్ కార్డులు దొరికాయన్నావు. 1990లో, ఇరాక్ కువైట్ మీదికి వచ్చినప్పుడు, మీ నాన్నకు తొమ్మిదేళ్లు. అడిగితే "అప్పుడు చిన్నపిల్లోణ్ణి, నాకేం గుర్తులేదు" అని లేచి గేదెల కాడికి పోతాడన్నావు. ఆ నోట్లు చెల్లుతాయా, ఆ ఫారం ఏంది, నాన్నను అసలు అడగొచ్చా, అడిగితే ఎట్టా అడగాలి అన్నవి నీ ప్రశ్నలు.

నేనూ ఆ ఏడాదే, ఆ దారిలోనే వచ్చినదాన్ని. నాకప్పుడు పదేళ్లు. మా ఊరు కావలి దగ్గర. ఇప్పుడు హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఇరవై ఏళ్ల నుంచి ఉదయగిరి, ఆత్మకూరు, కలిగిరి, కందుకూరు వైపు మాలాంటి కుటుంబాలు ఎక్కడ కనపడినా కూర్చుని మాట్లాడుతున్నాను. నువ్వు మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి "నువ్వు" అనే రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి తేల్చేద్దాం. నోట్లు చెల్లవు. యుద్ధానికి ముందు ఒక్క దినారుకు మన డబ్బు సుమారు అరవై రూపాయలు వచ్చేది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. నెల తిరక్కుండానే ఆ దేశాన్ని తమ 19వ రాష్ట్రంగా ప్రకటించారు, కువైట్ దినారూ ఇరాక్ దినారూ ఒకే విలువ అన్నారు. బజారులో ఇరాక్ దినారుకు అందులో చిన్న వంతే పలికేది. అంటే మీ తాత పదేళ్లు ఎండలో సంపాదించింది ఆయన జేబులో ఉండగానే కరిగిపోయింది. 1991లో దేశం విడుదలయ్యాక కువైట్ ప్రభుత్వం కొత్త నోట్లు తెచ్చి పాతవి రద్దు చేసింది. ఇప్పుడు పాత నోట్లు పోగుచేసేవాళ్లు ఏదో కొంత ఇస్తారేమో గానీ, అమ్మొద్దు. ఇస్త్రీ చెయ్యొద్దు, లామినేషన్ చేయించొద్దు. బటర్ పేపరులో పెట్టి పొడిగా ఉండే చోట దాచు.

ఫారం విషయానికొస్తే, నువ్వు చెప్పిన గళ్లను బట్టి అది ఐక్యరాజ్యసమితి పరిహారం కోసం పెట్టిన 'ఎ' తరగతి దరఖాస్తు. 1991లో సమితి ఒక పరిహారాల సంఘాన్ని పెట్టింది. 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య కువైట్‌ను గానీ ఇరాక్‌ను గానీ వదిలి రావాల్సి వచ్చినవాళ్లకు, ఏం పోయిందో రుజువులు చూపించే పని లేకుండా, ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు ఇచ్చే తరగతి అది. ఇంకే తరగతిలోనూ అడగము అని రాసిస్తే 4,000, 8,000. ఆ డబ్బు ఇరాక్ అమ్ముకునే చమురులోంచి కోసినది. అందుకే 1996 చివర ఇరాక్ చమురు అమ్మకం మళ్లీ మొదలయ్యాక గానీ చెల్లింపులు పెద్దగా కదల్లేదు. మనవాళ్ల దరఖాస్తులు ఢిల్లీలో విదేశాంగ శాఖ పెట్టిన కువైట్ సెల్ ద్వారా వెళ్లాయి. మొత్తం 5,240 కోట్ల డాలర్లు పంచి, 2022లో ఆ లెక్క మూసేశారు. ఇది గట్టిగా చెప్తున్నాను: "మీ తాత క్లెయిము ఇంకా ఉంది, ఖర్చులకు ఇంత ఇవ్వండి, తెప్పిస్తాం" అని ఎవరైనా వస్తే గడప లోపలికి రానివ్వొద్దు. ఉదయగిరి వైపు ఇట్టా మోసపోయిన ఒక ముసలాయన నాకు తెలుసు.

ఆ ఫారంలో కుటుంబ సభ్యుల గడి ఉంటుంది. అందులో మీ నాన్న పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. ఆ పిల్లాడి ప్రయాణానికి సంబంధించి ప్రపంచం రాసుకున్నది ఆ ఒక్క వరుస. అప్పట్లో చాలామంది చిన్నపిల్లలకు విడిగా పాస్‌పోర్టులు ఉండేవి కావు, తల్లి పాస్‌పోర్టులో పేరు రాసేవాళ్లు. మీ జేజి, అంటే నాన్నమ్మ, పాత పాస్‌పోర్టు దొరికితే అందులో జోర్డాన్ ముద్ర మీద తేదీ చూడు. ఎన్ని రోజులు దారిలో ఉన్నారో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఇక నాన్న సంగతి.

ఆగస్టు 2 గురువారం. ఇండియన్ స్కూళ్లకు ఎండాకాలం సెలవులు. చాలామంది అప్పటికే ఇండియాకు వచ్చేసి ఉన్నారు. మా నాయనకు రెండేళ్లకొకసారి లీవు, అది మాకు లీవు లేని ఏడాది. పొద్దున్నే లేస్తే ఆయన ఆఫీసుకు పోకుండా ఇంట్లోనే ఉన్నాడని నాకు సంతోషం వేసింది. పిల్లలకు యుద్ధం మొదలయ్యేది ఇట్టానే. తర్వాత నెల రోజులూ నాకు గుర్తున్నవి ఏందంటే జమియాలో, అంటే అక్కడి సహకార అంగడిలో ఖాళీ అరలు, కుబ్బూసు రొట్టెల కోసం తెల్లవారుజామున వరస, అమ్మ బాత్‌టబ్బు నిండా నీళ్లు పట్టి పెట్టడం, లిఫ్టు పనిచెయ్యకపోవడం. తుపాకి మోతలు విన్నానని పెద్దయ్యాక చెప్పేదాన్ని. నిజంగా విన్నానో, నాయన వేరేవాళ్లకు చెప్తుంటే విన్నానో ఈరోజుకీ తేల్చుకోలేను.

పెద్దల కథ వేరు. వాళ్లను అడిగితే తేదీలు చెప్తారు. అప్పటి మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాదుకు పోవడం, మన ఎంబసీ కువైట్ నుంచి ఇరాక్‌లోని బస్రాకు మారడం, బస్సుకు ఎంత ఇచ్చారు, ఏ చెక్‌పోస్టులో ఏం తీసుకున్నారు, ఇవన్నీ వాళ్లకు వరసగా గుర్తుంటాయి. కువైట్‌లో అప్పుడు మనవాళ్లు సుమారు 1,70,000 మంది. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా ఎయిరిండియా 488 విమానాల్లో 1,11,000 మందికి పైగా అమ్మాన్ నుంచి బొంబాయికి చేర్చింది. పౌర విమానాల్లో ఇంతమందిని తరలించడం అంతకు ముందు ఎన్నడూ లేదు. ఆ పని చేసిన పైలట్లకూ, సిబ్బందికీ, అమ్మాన్‌లో రాత్రనక పగలనక నిలబడిన అధికారులకూ నేను మనసులో దణ్ణం పెట్టుకోని సెప్టెంబరు లేదు. కానీ ఈ అంకెలు మీ నాన్న ముందు పెట్టొద్దు. అవి ఆయనవి కావు. నెట్‌లో చదివింది తీసుకెళ్లి "నాన్నా, 488 విమానాలంట కదా" అంటే ఆయన "ఆఁ" అని ఊరుకుంటాడు.

మేం సెప్టెంబరు మొదట్లో బయల్దేరాం. కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాద్, అక్కణ్ణుంచి ఎడారిలో పడమరగా జోర్డాన్ సరిహద్దు. అంతా బస్సులే. ఇరాక్ వైపు ట్రెబిల్, జోర్డాన్ వైపు రువైషిద్, ఆ రెంటి మధ్య ఏ దేశానికీ చెందని నేల. అక్కడ గుడారాల్లో వేల వేల మంది. బంగ్లాదేశ్ వాళ్లు, శ్రీలంక వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఈజిప్టు వాళ్లు. జోర్డాన్ చిన్న దేశం, ఒక్కసారిగా అంత జనాన్ని ఎట్టా లోపలికి తీసుకుంటుంది? అక్కడ ఎనిమిది రోజులున్నాం. పగలు కాలు పెట్టలేని ఎండ, రాత్రి వణికించే చలి. నీళ్ల ట్యాంకరు వస్తే తొక్కిసలాట.

ఇప్పుడు చెప్పబోయేది నువ్వు నిదానంగా చదువు. నీకు పనికొచ్చేది ఇదే.

మా తమ్ముడికి అప్పుడు ఏడాదిన్నర. అమ్మ దగ్గర పెద్ద పాలపొడి డబ్బా ఉంది. దాన్ని ఒళ్లోంచి దించేది కాదు, రాత్రి తల కింద పెట్టుకునేది. తమ్ముడు పాలకోసం ఏడుస్తుంటే రోజుకు రెండు చెంచాలు కలిపి, పల్చటి నీళ్లలాంటి పాలు పట్టేది. డబ్బా నిండుగా ఉందని బరువును బట్టి నాకు తెలుసు. నాకు ఒక చెంచా పొడి పెట్టమని అడిగాను. కొట్టింది. మా అమ్మ అంతకు ముందు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. పక్క గుడారంలో కేరళ ఆమె ఒకావిడ తన బిడ్డ కోసం కాస్త పొడి అడిగితే లేదని చెప్పింది. నా కళ్ల ముందే, నిండు డబ్బా ఒళ్లో పెట్టుకుని. ఆ రోజు మా అమ్మ మీద నాకు పుట్టింది కోపం కూడా కాదు. ఏదో విరిగింది. ఊరికి వచ్చాక కూడా ఆమె కలిపి ఇచ్చిన పాలు తాగేదాన్ని కాదు.

పద్నాలుగేళ్ల తర్వాత, నా పెళ్లి మాటల్లో, అమ్మ నగల లెక్క చెప్తూ మాటల సందులో అనేసింది. ఆ డబ్బాలో నాలుగు వేళ్ల మందాన పొడి, దాని కింద ప్లాస్టిక్ సంచిలో ఆరు గాజులు, ఒక గొలుసు ఉన్నాయట. చెక్‌పోస్టుల్లో దొరక్కూడదని అట్టా పెట్టిందట. పొడి అయిపోతే బంగారం బయటపడుతుంది, ఎవరికన్నా చెంచా ఇద్దామని మూత తీసి తవ్వితే కనపడుతుంది. కేరళ ఆమెకు లేదన్న రాత్రి తను నిద్రపోలేదని చెప్పింది. ఆ గాజులు అమ్మే మా ఇంటి కప్పు వేశారు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుఫానుకు మా పెంకుటిల్లు ఎగిరిపోయింది. నాయన కువైట్ నుంచి డబ్బు పంపిస్తుంటే గోడలు లేచాయి, కప్పు పడలేదు. మేం వచ్చేసరికి ఆ కప్పులేని గోడలే మా ఇల్లు. కప్పు వేసిన డబ్బు ఎక్కడిదో నేను ఎప్పుడూ అడగలేదు.

పిల్లలు చూసింది నిజమే. కారణం మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. మీ నాన్న "గుర్తులేదు" అనేదాంట్లో ఇట్టాంటిది ఏదైనా ఉండొచ్చు. తండ్రి ఎవరి ముందో చేతులు జోడించడం చూసి ఉండొచ్చు, తల్లి ఎవరినో కసరడం, తనను బస్సులో ఒంటరిగా కూర్చోబెట్టి దిగిపోవడం. తొమ్మిదేళ్ల పిల్లాడు దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుని, ఎవరికీ చెప్పకుండా లోపల పెట్టుకున్నాడు. తాత ఇప్పుడు లేడు కాబట్టి ఆయన మీద మాట రాకూడదని ఇంకా గట్టిగా మూసుకుంటాడు. కాబట్టి ముందు మీ జేజితో మాట్లాడు. ఆమె ఉంది కదా, అది నీ అదృష్టం. ఆమె చెప్పిందంతా నీ దగ్గరే పెట్టుకో, నాన్న దగ్గరికి మోసుకుపోవద్దు. ఏదో ఒక రోజు ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చున్నప్పుడు, ఆమె నోటి నుంచే ఆయన వినాలి. మాకు పద్నాలుగేళ్లు పట్టింది, అదీ అనుకోకుండా.

రెండో సంగతి. ఇది మా తరం పిల్లలందరిలోనూ చూశాను. పెద్దవాళ్లు "తిరిగి వచ్చాం" అంటారు, "ఇంటికి చేరాం" అంటారు. బొంబాయిలో విమానం దిగగానే మా నాయన వంగి నేలను తాకి కళ్లకద్దుకున్నాడు. ఆయనకు అది తిరిగి రావడం. నేను కువైట్‌లో పుట్టాను. నాకు ఈ ఊరు రెండేళ్లకొకసారి వచ్చి మామిడికాయలు తిని పోయే చోటు. నేను ఇంటి నుంచి బయల్దేరి ఇంకో దేశానికి వచ్చాను. నా మంచం, నా కిటికీ, నా స్కూలు బస్సు, మెట్ల కింద ఉండే పిల్లి, అన్నీ అక్కడున్నాయి. పెద్దలు దేశం చేరామని ఊపిరి పీల్చుకున్న రోజే నేను దేశం విడిచిన రోజు. ఆ మాట నోటితో అనడానికి కూడా లేదు. "ప్రాణాలతో వచ్చాం, ఇంకేం కావాలి నీకు?" అంటారు. అది న్యాయమే, ఎదురు చెప్పడానికి ఏముంది? అందుకే నోరు మూసుకుంటాం.

రేణిగుంటలో రైలు మారి, గూడూరు మీదుగా కావలి వచ్చాం. దిగిన వారం లోపే ఊళ్లో బళ్లో వేశారు. అక్కడ నేను ఇంగ్లీషు మీడియం, రెండో భాష హిందీ. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గానీ అక్షరం రాదు. ఐదో తరగతి పిల్లను మూడో తరగతిలో కూర్చోబెట్టారు. గౌను వేసుకుపోతే నవ్వారు. "కువైటు" అని పేరు పెట్టారు, పదో తరగతి దాకా అదే నా పేరు. వాకిట్లోకి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే: "కువైట్ నుంచి వచ్చారు కదా, ఏం తెచ్చారు?" ఏమీ తేలేదని చెప్తే నమ్మేవాళ్లు కాదు, దాచామనుకునేవాళ్లు. అప్పులవాళ్లు కూడా అట్టానే అనుకున్నారు. మీ నాన్న ఏ బడిలో, ఏ తరగతిలో చేరాడో కనుక్కో. మనవాళ్లు చాలామంది సరిహద్దులో గుడారాల గురించి చెప్తారు గానీ, ఈ మొదటి ఏడాది బడి గురించి అడిగితే మొహం తిప్పుకుంటారు. నా అనుభవంలో ఎక్కువ గాయం అక్కడే ఉంది.

నాతో మొట్టమొదట సరిగ్గా మాట్లాడింది మా ఊళ్లో రంగం తాత. అసలు పేరు వేరు, రంగూన్ నుంచి వచ్చాడని అందరూ అట్టా పిలిచేవాళ్లు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు ఆయనకు పదేళ్లు దాటాయి. తండ్రి బియ్యం మిల్లులో పని. ఓడల్లో చోటు దొరకలేదు. ప్రోమ్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి అరకాన్ కొండలు దాటి టౌంగప్ రేవుకు నడిచారు. తర్వాత పడవల్లో అక్యాబ్, చిట్టగాంగు. ఆ ఏడాది బర్మా నుంచి మనవాళ్లు లక్షల మంది అట్టా వచ్చారు, దారిలో కలరాతో పోయినవాళ్లకు లెక్కలేదు. ఈయన వాళ్లు ఏప్రిల్లో మద్రాసు చేరేసరికి, విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయని మద్రాసే ఖాళీ అవుతోంది. జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఎగ్మూరు, సెంట్రల్ స్టేషన్లలో. దిగినవాళ్లు దిగుతుంటే ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారట.

ఆయన నన్ను యుద్ధం గురించి అడగలేదు. ఏం తెచ్చారని అడగలేదు. ఒకరోజు బడి నుంచి వస్తుంటే రచ్చబండ మీద కూర్చోబెట్టి, "అమ్మాయ్, అక్కడ మీ ఇంటి కిటికీలోంచి ఏం కనపడేది?" అన్నాడు.

చారల చారల గొడుగులు అన్నాను. కువైట్‌లో నీళ్ల ట్యాంకులు ఎత్తయిన కాడ మీద పుట్టగొడుగుల్లాగా ఉంటాయి, నీలం తెలుపు చారలతో, గుంపుగా. మా మూడో అంతస్తు నుంచి అవి కనపడేవి. ఎన్ని అన్నాడు. ఆరు. పొద్దున ఎండ ఎటు నుంచి పడేది అన్నాడు. పుల్ల తీసుకుని మట్టిలో గీయమన్నాడు. ఆ సాయంత్రం ఇల్లంతా గీశాను. వంటగది, బాల్కనీ, మెట్లు, పిల్లి పడుకునే చోటు. చీకటి పడేదాకా. ఆయన తన వంతు వచ్చినప్పుడు రంగూన్‌లో తన ఇల్లు గీశాడు, చెక్క ఇల్లు, కింద వానాకాలం నీళ్లు పారేవని. అప్పటికి నలభై ఎనిమిదేళ్లయింది ఆయన ఆ ఇల్లు వదిలి. ఏ పలక ఊగేదో కూడా చూపించాడు. ఆ దారిలో ఆయన చెల్లెలు కలరాతో పోయిందన్న మాట మాత్రం నాలుగేళ్ల తర్వాత గానీ చెప్పలేదు.

అందుకే చెప్తున్నా, యుద్ధం గురించి అడగొద్దు, ఇల్లు గురించి అడుగు. "ఎట్టా వచ్చారు నాన్నా" అంటే అది పోలీసు ప్రశ్న. "కిటికీలోంచి ఏం కనపడేది" అంటే అది పిల్లాడికి తెలిసిన సంగతి, అందులో తప్పొప్పులు లేవు, తాత మీద మాట రాదు. ఇల్లు చెప్తూ చెప్తూ ఏదో ఒక రోజు ఆయనే తలుపు వేసి బయల్దేరతాడు. నేను మాట్లాడినవాళ్లలో చాలామంది అట్టానే చెప్పారు. కొందరు ఇల్లు దగ్గరే ఆగిపోయారు, వాళ్లను ఇంకో మాట అడగలేదు.

ఎదురుగా కూర్చుని అడగొద్దు. గేదెల కాడికి పోతాడన్నావు కదా, నువ్వూ పో. పాలు పితికేటప్పుడు, గడ్డి వేసేటప్పుడు, చేతుల్లో పని, కళ్లు ఇంకోవైపు ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. ఫోన్‌లో రికార్డింగు పెట్టొద్దు. మొదటి నాలుగైదు సార్లు అసలే వద్దు, తర్వాత ఆయన్ను అడిగి పెట్టు. ఆయన చెప్పింది నెట్‌లో ఉన్నదానితో కలవకపోతే సరిచెయ్యొద్దు. మీ జేజి "పదిహేను రోజులు" అంటే ఆయన "రెండు నెలలు" అనొచ్చు. పిల్లాడికి అవి రెండు నెలలే. ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి ఆ ఏరియా చూపిస్తే కొందరు గంటలు గంటలు వేలితో వీధులు నడుస్తారు. ఒక్క సంగతి గుర్తుంచుకో: ఆ భవనం ఇప్పుడు ఉండకపోవచ్చు. మాది లేదు. ముందు నువ్వు ఒక్కదానివే చూసి, తర్వాత చూపించు.

తాతగారి సంవత్సరీకం లోపు అడగాలని తొందరపడొద్దు. చుట్టాలందరూ కూర్చున్నప్పుడు ఆ బోర్డింగ్ కార్డులు బయటికి తీయొద్దు. ఒకవేళ అడగడం మొదలుపెట్టాక ఆయనకు నిద్ర పట్టకపోవడం, పీడకలలు, ఉలికిపడటం, తాగుడు ఎక్కువవడం కనపడితే ఆపేసి డాక్టరు సాయం తీసుకోండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టే పని లేదు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. నేను ముప్పై ఏడో ఏట వెళ్లాను, ఇంకా ముందే వెళ్లి ఉండాల్సింది అనిపించింది.

అసలు అడగొచ్చా అన్నావు. అడగొచ్చు. అడగకపోతే ఏమవుతుందో నేను చదివి తెలుసుకున్నాను, క్లాసులో రెండో ప్రపంచయుద్ధం చెప్పేటప్పుడు పిల్లలకూ చెప్తాను. 1940లో ఇంగ్లండు మీద దాడి తప్పదనుకున్నప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం పిల్లల్ని తల్లిదండ్రులు లేకుండా ఓడల్లో సముద్రాలు దాటించింది. రెండు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, 2,664 మందిని కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలకు పంపగలిగారు. సెప్టెంబరు 17 రాత్రి మన కాశీ పేరు పెట్టిన ఓడ, సిటీ ఆఫ్ బెనారస్, అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గామి దెబ్బకు మునిగింది. అందులో ఆ పథకం కింద వెళ్తున్న పిల్లలు 90 మంది, 77 మంది పోయారు. ఒక పడవలో ఆరుగురు పిల్లలు ఎనిమిది రోజులు సముద్రం మీద తేలి బతికారు. ఆ పడవలో ఎక్కువమంది మన దేశపు ఓడ కళాసీలే. ఆ తర్వాత ప్రభుత్వం పిల్లల్ని పంపడం ఆపేసింది.

క్షేమంగా చేరినవాళ్లు అయిదేళ్లు పరాయి ఇళ్లలో పెరిగారు. 1945లో తిరిగొచ్చేసరికి యాస మారిపోయింది. చిన్నప్పుడే పోయినవాళ్లకు అమ్మ మొహం గుర్తు లేదు, రేవులో ఎవరి దగ్గరికి పోవాలో తెలియలేదు. తల్లులకేమో బిడ్డ ఇంటికొచ్చింది, బిడ్డకేమో రెండోసారి ఇల్లు పోయింది. వాళ్లలో ఎంతోమంది ముసలితనం వచ్చేదాకా ఆ మాట ఎత్తలేదు. అడిగినవాళ్లు లేరు, బాంబుల కింద ఉన్నవాళ్ల కష్టం ముందు తమది కష్టమేనా అనుకున్నారు. అది చదివినప్పుడు, కావలిలో "కువైటు" అని పిలిపించుకుంటూ నేను అనుకున్న మాట అదేనని తెలిసింది.

మీ నాన్న కూడా అట్టానే అనుకుంటూ ఉంటాడు. తాత కష్టం ముందు తనదేం కష్టమని. తాత ఉన్నంతకాలం ఆ కథ తాతది. ఇప్పుడు ఆ పెట్టె నీ చేతికి వచ్చింది.

ఫారంలో కువైట్ అడ్రసు గడి ఉంటుంది చూడు. ఫర్వానియానా, హవల్లీనా, సాల్మియానా, ఫహాహీలా? ఏరియా పేరు, బ్లాకు నంబరు రాసి పంపు. ఆ రోజుల్లో ఆ వీధిలో ఏ రొట్టెల అంగడి ఉండేదో, స్కూలు బస్సు ఏ మూల ఆగేదో చెప్పగలిగినవాళ్లు మాలో ఇంకా ఉన్నారు. నేను కనుక్కుని రాస్తాను. అది చేతిలో పెట్టుకుని గేదెల కాడికి పో.